విరాసత్‌లోకి ఎక్కని పేరు

రెవెన్యూ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మీ సర్వీసులో మరచిపోలేని కేసు ఏదైనా చెప్పండి సార్" అని అడుగుతారు. వానలకు కచేరీ కప్పు కురుస్తుంటే రికార్డు మూటలను బల్లల కింద దాచిన కథ చెబుతాను. పెద్ద అధికారి జీపు చెరుకు తోటలో దిగబడితే ఎడ్లను కట్టి లాగించిన కథ చెబుతాను. నవ్వుకుంటారు, చాయ్ తాగి వెళ్ళిపోతారు. వాళ్ళు అడిగినదానికి అసలు జవాబు ఇది. ఇది ఇన్నాళ్ళూ నోటితో ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మొదలుపెట్టి మధ్యలో మాట మార్చిన సందర్భాలు మాత్రం ఉన్నాయి.

బోధన్ తహశీలు కచేరీలో గుమాస్తాగా చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. మాది జక్రాన్‌పల్లి దిక్కు. పసుపూ వరీ పండించుకునే ఇల్లు. చదివింది ఉర్దూలో, కొలువు చేయాల్సి వచ్చింది తెలుగులో. నాకు విరాసత్ సెక్షన్ ఇచ్చారు. భూమి ఎవరి పేర ఉందో ఆ మనిషి చనిపోతే, తరువాత ఎవరి పేరు మీదికి మార్చాలో తేల్చే పనిని మా వైపు విరాసత్ అంటారు. ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ కాగితం పంపుతాడు. మేము నోటీసు ఇస్తాము. అభ్యంతరం ఏదీ రాకపోతే, పోయినవాడి పేరు కొట్టేసి కొడుకుల పేర్లు రాస్తాము. నేను చేరేనాటి దాకా రిజిస్టరులో వారసుల గడిలో కొడుకుల పేర్లు తప్ప వేరేవి రాయాల్సిన అవసరం దాదాపుగా వచ్చేది కాదు. కూతుళ్ళ పేర్లకు ఆ రిజిస్టరులో అసలు గడే లేదు.

నేను చేరడానికి కొంచెం ముందే హిందూ వారసత్వ చట్టం వచ్చింది. తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన సొంతంగా సంపాదించిన దాంట్లో కొడుకుతో సమానంగా కూతురికీ పాలుంటుంది, భార్యకూ ఉంటుంది. ఇంతే సంగతి. కానీ ఈ మాత్రం సంగతి ఆ రోజుల్లో నాకు పిడుగులా ఉండేది. ఆ చట్టం ప్రతిని ఒకదాన్ని సంపాదించి అంచులు నలిగిపోయేదాకా చదివాను. అంగట్లో కూరగాయలమ్మే ఆడవాళ్ళను చూసినా, వీళ్ళకు ఈ సంగతి తెలుసో లేదో అనిపించేది. ఒక గుమాస్తా తన కలంతో ఊళ్ళను తిరగరాయబోతున్నాడని నేను నిజంగానే నమ్మాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రవాడి మీద జాలి కూడా కలగడం లేదు.

మా సెక్షన్‌లో పెద్ద గుమాస్తా, మున్షీ సాబ్ ఉండేవారు. తెల్లటి గడ్డం, మడత చెదరని షేర్వానీ. నిజాం కాలం నుంచి ఉన్నవారు. ఒకరోజు నా చేతిలోని ప్రతిని చూసి నవ్వారు.

"బేటా, గా కాయితం ఇంక ఎన్నిసార్లు చదువుతవ్?"

"ఇది చిన్న సంగతి గాదు సాబ్. దేశంల ఆడబిడ్డలందరికి హక్కు వచ్చింది."

"మా షరీయత్‌ల బిడ్డకు హిస్సా ఎన్నడో రాసిండ్రు. కొడుకుకు రెండు పాళ్ళయితే బిడ్డకు ఒకటి. మా వాలిద్ పోయినప్పుడు మా ఆపాకు నేను ఇచ్చిన్నా? ఇయ్యలే. ఆమె అడగలే. ప్రతి ఈద్‌కు సేమియాలు పట్టుకొని వస్తది. ఇయ్యాల అడుగుతదేమోనని భయపడుకుంట తింట."

తండ్రి ఆస్తిలో అక్కకు పాలు ఇవ్వలేదని ఆయన దాచుకోకుండా చెప్పిన ఆ మాటలో ఎంత బరువుందో అప్పుడు నాకు తెలియలేదు. పాతకాలపు మనిషి అనుకుని ఊరుకున్నాను.

చట్టం వచ్చిన మూడో ఏడు, చెరుకు గానుగాడే కాలంలో, ఒక ఆమె కచేరీకి వచ్చింది. ఊరంతా బెల్లపు పాకం వాసన కమ్మి ఉన్న రోజులు. ఆమెకు ముప్పై దాటి ఉంటాయి. చెరుకు ఆకు కోసుకుపోయిన గీతలు చేతుల మీద. వెంట చర్చి బడి పంతులమ్మ వచ్చింది. ఆ పంతులమ్మ వాళ్ళ ఊళ్ళోనే ఆడవాళ్ళను కూర్చోబెట్టి అక్షరాలు నేర్పేదట. కొత్త చట్టం సంగతి ఆమె చెబితేనే వీళ్ళకు తెలిసింది.

"సారు, మా బాపు పోయిండు," అన్నది ఆమె. "పట్వారి కాయితంల మా తమ్ముల్ల పేర్లే రాసిండంట. బిడ్డ పేరు గూడ రాయాలెనని కానూన్ వచ్చిందంటున్నరు. నిజమేనా?"

"నిజమే అక్కా."

"రాస్తరా మరి?"

"రాస్తం. రాయకపోతే నేనెందుకు కూసున్న ఈడ?"

ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. అలా చూస్తుంటే నాకు గర్వంగా అనిపించింది.

ఆమె తండ్రి నిజాంసాగర్ కాలువ నీళ్ళు వచ్చాక పడావు భూమి కొని, రాళ్ళు ఏరి, ఎనిమిదెకరాల చెరుకు తోటగా మార్చినవాడు. భార్య ఉంది. ఈమె పెద్దది, తరువాత ఇద్దరు కొడుకులు. ఈమెను కందకుర్తి దిక్కు ఇచ్చారు. భర్త పోయాక అత్తవారింట్లో ఉండనివ్వలేదు. పదేళ్ళుగా తండ్రి దగ్గరే ఉంటూ, అదే తోటలో నాట్లూ కలుపులూ నరుకుడూ అన్నీ చేసింది. అది తండ్రి సొంతంగా కొన్న భూమి. కాబట్టి చట్టం ప్రకారం తల్లికీ, ఈమెకూ, ఇద్దరు తమ్ముళ్ళకూ నాలుగు సమాన పాళ్ళు. ఇంతకన్నా తేలికైన కేసు ఉండదు.

"నేను కొట్లాటకు రాలే సారు," అన్నది ఆమె. "కాలువ దిక్కు రెండెకరాలు నా పేరు మీద ఉంటె సాలు. మరదండ్లు పెట్టంగ తినుడు నాతోని అయితలేదు. అన్నం ఏసేటప్పుడు వాళ్ళు గిన్నెదిక్కు సూస్తరు, నేను నేలదిక్కు సూస్త."

ఆమె తరఫున అభ్యంతర పత్రం పంతులమ్మ రాసింది, నేను భాష దిద్దాను. అందులో ఒక్క తప్పు లేకుండా చూశాను. ఇప్పుడు చెప్పబోయేది నా తప్పు గురించి.

తమ్ముళ్ళకు నోటీసు వెళ్ళింది. వారం తరువాత చిన్న తమ్ముడు కచేరీకి వచ్చాడు. నా ఈడువాడే. మంచి మాటకారి, నవ్వు ముఖం. జగడం పెట్టుకోవడానికి వచ్చినట్టు లేడు. "సారూ, జర చాయ్ తాగుదాం రాండ్రి" అని ఎదురుగా ఉన్న హోటల్‌కు పిలిచాడు. వెళ్ళాను. వద్దని ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

"మా అక్కకు ఇయ్యద్దని గాదు సారు," అన్నాడు సాసర్‌లో చాయ్ పోసుకుంటూ. "తెలుసుకుందామని అడుగుతున్న. గీ కానూన్ల ఆడపిల్లకు రాకుండ ఉండే తొవ్వ అసలే లేదా?"

అడగాల్సిన మనిషిని అడిగాడనిపించింది నాకు. ఆ చట్టం తహశీలులో నాకంటే బాగా తెలిసినవాడు లేడని నా నమ్మకం. గడ్డం నిమురుకుంటూ పాఠం మొదలుపెట్టాను.

"లేదు. ఎట్ల తిప్పిన లేదు. మీ బాపు వీలునామా రాయలే, భూమి ఆయన కొన్నదే. ఇగ ఆమె మీ అవ్వ కన్నబిడ్డ గాదని అంటే తప్ప ఎవ్వలు ఆపలేరు."

"కన్నబిడ్డ గాకపోతే ఏమైతది?"

"ఏమైతది? సాదుకున్న ఆడపిల్లకు కానూన్ల పాలు లేదు. గప్పట్ల ఆడపిల్లను దత్తతు తీసుకునే రివాజే లేకుండె."

ఎంత గట్టి చట్టమో తెలియజెప్పాలని ఆ మాట అన్నాను. అసాధ్యమైనదానికి ఉదాహరణగా, నవ్వుతూ అన్నాను. అతను కూడా నవ్వాడు. సాసర్ కింద పెట్టి, తువ్వాలతో మూతి తుడుచుకుని, "మీకు శానా తెలుసు సారు" అన్నాడు. ఆ పొగడ్త నాకు సాయంత్రం దాకా బాగుండింది.

అభ్యంతరం వచ్చింది కాబట్టి విచారణకు తహశీల్దారుగారే ఊరికి బయలుదేరారు. ఆయన కోస్తా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చినవారు, నెమ్మదైన మనిషి. బయాన్లు, అంటే వాంగ్మూలాలు, రాయడానికి నన్ను తీసుకువెళ్ళారు. పొద్దున్నే చావడి నిండిపోయింది. పటేలు, పట్వారీ, ఊరి పెద్దరైతులు ఒకవైపు కూర్చున్నారు. ఆమె, పంతులమ్మ గోడ వారగా నిలబడ్డారు. తమ్ముళ్ళిద్దరూ తల్లిని చెరో చేయీ పట్టుకుని నడిపించుకు వచ్చారు. అరవై ఏళ్ళ మనిషి. వచ్చీరాగానే తహశీల్దారుగారిని చూసి, "గింత ఎండల వచ్చినవ్, నీళ్ళు తాగు బిడ్డా" అన్నది. అందరూ నవ్వారు.

ముందు తల్లి బయాన్ తీసుకోవాలన్నారు. నేను కాగితం సర్దుకుని కలం ముంచాను.

"మీకు సంతానం ఎంతమందమ్మా?" అని తహశీల్దారుగారు అడిగారు.

"ఇద్దరు కొడుకులు."

"కూతురు?"

ముసలామె చీర కొంగు వేలికి చుట్టుకుంది. "గా పిల్లను సాదుకున్నం సారు. పెండ్లయిన కొత్తల నాకు పిల్లలు గాలే. నిజామాబాద్ దవాఖానకాడికెల్లి తెచ్చుకున్నం. నేను కన్నబిడ్డ గాదు." తరువాత ఎవరో వెనక నుంచి నెట్టినట్టు ఒక్క గుక్కలో అన్నది. "సాదుకున్న ఆడపిల్లకు కానూన్ల పాలు లేదు."

నా కలం ఆగిపోయింది. అది నా మాట. హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని నేనన్న మాట ఒక్క అక్షరం మారకుండా, చదువు రాని ముసలామె నోట వచ్చింది. తల ఎత్తి చిన్న తమ్ముణ్ణి చూశాను. వాడు నేలవైపు చూస్తున్నాడు.

"రాయండి," అన్నారు తహశీల్దారుగారు. రాశాను.

కూతురు అరవలేదు. గోడ దగ్గర నుంచి రెండడుగులు ముందుకు వచ్చింది. "అవ్వా, నన్ను జూసుకుంట చెప్పు," అన్నది.

తల్లి చూడలేదు.

"ఒక్కసారి నా మొకం జూడు అవ్వా. నీ ముక్కు, నీ గదుమ. నేను ఎవల బిడ్డను మరి?"

పంతులమ్మ కోపం పట్టలేక, "ఊరంత ఎరుకే గద, చెప్పుండ్రి! ఒక్కలన్న చెప్పుండ్రి!" అన్నది. తహశీల్దారుగారు పెద్దల వైపు తిరిగి ఒక్కొక్కరినీ అడిగారు. పటేలు, సాదుకున్న పిల్లనే అన్నాడు. పట్వారీ అదే అన్నాడు. ఆ వెనకవాళ్ళూ అదే అన్నారు. నేను వాళ్ళ ముఖాలు చూస్తూ రాసుకుంటూ పోయాను. వాళ్ళలో అక్కచెల్లెళ్ళు లేనివాడు ఒక్కడూ లేడు. ఈ ఇంట్లో ఈ రోజు పాలు పంచితే, రేపు ఎవరి ఇంటి తలుపు తడతారో వాళ్ళందరికీ తెలుసు. ఆమె పుట్టినప్పుడు పురుడు పోసిన మంత్రసాని ఎన్నడో పోయింది. పుట్టుక రాసి పెట్టిన కాగితం ఆ ఊళ్ళో ఎవరికీ లేదు.

రాసిన బయాన్ వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. నేనే చదివి వినిపించాను. ముసలామె బొటనవేలును సిరాలో అద్ది కాగితం మీద నొక్కాను. ముద్ర అలుక్కుపోయింది. రెండోసారి నొక్కించాను.

అప్పుడు గోడ దగ్గర కూతురు ఏడవడం మొదలుపెట్టింది. చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదులుతున్నాయి. ముసలామె మొదటిసారి తల తిప్పి, "ఏడ్వకు బిడ్డా" అన్నది.

నేను గభాలున లేచి, "సార్, బిడ్డా అన్నది సార్! విన్నరు గదా!" అన్నాను.

తహశీల్దారుగారు నావైపు అలసటగా చూశారు. "ఇందాక నన్ను కూడా అంది కదయ్యా, నీళ్ళు తాగు బిడ్డా అని. దాన్నేమని రాస్తావు?"

మళ్ళీ ఎవరో నవ్వారు. నేను కూర్చున్నాను.

ఆ క్షణంలో నేను చెప్పగలిగింది ఒకటి ఉంది. సార్, ఈ వాక్యం ఈమెది కాదు, ఫలానా రోజు ఫలానా హోటల్లో వీళ్ళ చిన్నకొడుకుకు నేను చెప్పాను, వాడు నేర్పి తెచ్చాడు అని. అలా అంటే ఆ బయాన్ నిలిచేది కాదేమో. కనీసం విచారణ ఆగేది. కానీ నా నౌకరీ ఇంకా పక్కా కాలేదు. విచారణలో ఉన్న కేసులో ఒక పక్షంవాడితో కూర్చుని చాయ్ తాగిన గుమాస్తాను ఎవరు ఉంచుకుంటారు? కాగితాలు వరుసగా పేర్చి దారంతో కట్టాను.

తిరుగు దారిలో జీపులో తహశీల్దారుగారే మాట్లాడారు. "నాకు తెలియదనుకోకు. తల్లీకూతుళ్ళు ఒక్క అచ్చులో ఉన్నారు. కానీ ముక్కులు చూసి ఆర్డరు రాస్తే పైన నిలబడుతుందా? కన్నతల్లే కాదంటుంటే నేనేం చేయను?" విరాసత్ తల్లి, ఇద్దరు కొడుకుల పేర చేస్తూ, ఆమె తాను కూతురినని రుజువు చేసుకోదలిస్తే సివిల్ కోర్టుకు వెళ్ళవచ్చని ఉత్తర్వు చివర ఒక వాక్యం రాయించారు. ఏడాది తిరక్కుండానే తల్లి తన పాలు కూడా కొడుకులకే రాసి ఇచ్చేసింది. ఆ కాగితమూ నా సెక్షన్ మీదుగానే వెళ్ళింది.

మున్షీ సాబ్ ఫైలంతా చదివారు. తల్లి బయాన్ దగ్గర ఆగి, ఆ వాక్యం మీద వేలు పెట్టారు. "గీ జుమ్లా ముసలామెకు ఎవలు నేర్పిండ్రు?"

"ఎరుక లేదు సాబ్."

ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను చూశారు. తరువాత ఫైలు మూసి ఇచ్చేస్తూ, "మంచిగ రాసినవ్. తప్పులు లేవు" అన్నారు. అంతకుమించి ఆ కేసు గురించి ఆయన ఎన్నడూ మాట్లాడలేదు.

పంతులమ్మ కూడా వచ్చింది. "సారు, ముసలామెకు గా కానూన్ మాట ఎట్ల తెలిసిందో మీకేమన్న ఎరుకేనా?" అని నేరుగా అడిగింది. తెలియదమ్మా అన్నాను. రెండోసారి అబద్ధం మొదటిసారికన్నా తేలికగా వచ్చింది.

ఇంత జరిగాక నేనైనా మారానని మీరు అనుకుంటారేమో. ఆరేడేళ్ళ తరువాత మా బాపు పోయాడు. మాకు ఒక్క అక్క. జక్రాన్‌పల్లి భూమి విరాసత్ వేళ అక్కకు హక్కు వద్దని కాగితం రాయాల్సి వచ్చింది. చట్టం బాగా తెలిసినవాణ్ణి కదా, అన్నదమ్ములు నన్నే రాయమన్నారు. రాశాను. అక్క చదువుకున్నది. అయినా చదవకుండానే సంతకం పెట్టింది. "సదువుకో అక్కా" అన్నాను. "నువ్వు రాసినవ్ గద తమ్మీ, సదువుడెందుకు?" అన్నది. ఆ ఏడాది దీపావళికి ఆమె అరిసెలు తెచ్చింది. మున్షీ సాబ్ సేమియాలు ఎలా మింగేవారో ఆ రోజు నాకు అర్థమైంది. ఆయనకు చెబుదామంటే, అప్పటికే పోయారు.

తరువాత నేను గిర్దావర్‌నై, అంటే కొన్ని ఊళ్ళ రికార్డులు తనిఖీ చేసే ఉద్యోగినై, డెబ్బైల మొదట్లో మళ్ళీ ఆ దిక్కుకే వచ్చాను. పొలంలో ఏ పంట ఉంది, ఎవరి సాగులో ఉంది అని పహాణీ రిజిస్టరు పట్టుకుని పోల్చి చూడడం పని. ఒక మధ్యాహ్నం కాలువ గట్టు మీద నడుస్తుంటే ఆ ఎనిమిదెకరాలే వచ్చాయి. చెరుకు నరుకుతున్నారు. కూలీల వరుసలో ఆమె ఉంది. జుట్టు సగం తెల్లబడింది. నేను గుర్తుపట్టేలోపే ఆమె గుర్తుపట్టి, కొడవలి పక్కన పెట్టి వచ్చింది.

"బాగున్నరా సారు?"

"బాగున్న అక్కా. నువ్వు? మీ అవ్వ?"

"అవ్వ పోయి రెండేండ్లాయె. నా కాడనే పోయింది. కోడండ్లతోని పడక, చివరి మూడేండ్లు నా గుడిసెలనే ఉండె. గా చావడి మాట ఆమె ఎత్తలే, నేను ఎత్తలే."

"ఈడ..." అని పొలం వైపు చూపించాను.

"కూలికి వస్త. మా తమ్మునిదే గద. చెరుకు నరుకుడు నాకు మంచిగ అస్తదని పిలుస్తడు."

అప్పటికి పన్నెండేళ్ళు దాటాయి. ఇక దాచుకోవడం నావల్ల కాలేదు. "అక్కా, నీకొక మాట చెప్పాలె. గప్పుడు సాదుకున్న పిల్ల అని చెప్పే ఉపాయం మీ తమ్మునికి..."

"ఎరుకే సారు," అన్నది.

నేను తల ఎత్తి చూశాను.

"గా దినమే ఎరుకైంది. చావడికెల్లి ఇంటికి పోంగనే చిన్నోడు చెప్పిండు. కచేరిల సారే తొవ్వ జూపిచ్చిండు, ఇగ నువ్వు ఏడికి పోయినా గింతే అన్నడు. పంతులమ్మ నిజామాబాద్ కోర్టుకు పోదాం, వకీలును సూద్దాం అని శానాసార్లు అడిగింది. నేనే పోలే. అందరిల మీరొక్కరే రాస్తమన్నరు. మీరే గట్ల చెప్పిండ్రంటే, ఇగ ఆడ నాదిక్కు ఎవలుంటరు అనుకున్న."

"నేను కావాలని చెప్పలేదు అక్కా."

"కావాలని చెప్పిండ్రని నేనన్ననా?"

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే కాళ్ళ మీద పడేవాణ్ణేమో. కూలీలను చూసుకునే ముకద్దం గట్టు మీది నుంచి కేకేశాడు. ఆమె కొడవలి తీసుకుని వరుసలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి, నరికిన గడల వెనక, ఏ వీపు ఆమెదో కూడా తెలియకుండా పోయింది.

వెంట ఉన్న పట్వారీ పహాణీ తెరిచి పట్టుకున్నాడు. ఆ సర్వే నంబరు ఎదుట తమ్ముళ్ళిద్దరి పేర్లున్నాయి. పంట చెరుకు. అంతా రికార్డు ప్రకారమే ఉంది అని రాసి, కింద సంతకం పెట్టాను.